క్లిప్పులు తీసిన తరువాతే అసలు పని: పళ్ళకు రిటైనర్ ఎందుకు?

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కార్యాలయం. ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఈ లైను మీది ఊళ్ళలో తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినవారు చాలామంది. బుధవారీ బజారులో కూరగాయల దగ్గర తెలుగు మాట వినిపిస్తే ఎవరూ తిరిగి చూడరు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నాన్న గూడ్సు రైలు లోకో పైలట్. అమ్మాయికి పై పళ్ళు కాస్త ఎత్తుగా, కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో క్లిప్పులు వేయించారు. రెండేళ్ళ పాటు నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళడం, తీగ బిగించిన రోజు అన్నం నమలలేక మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం, ఫొటో తీస్తానంటే నోరు మూసుకోవడం. చివరికి క్లిప్పులు తీసేశారు. అద్దంలో వరుసగా మెరిసే పళ్ళు. డాక్టరు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పారదర్శకంగా ఉన్న ఒక తొడుగు పెట్టి ఇచ్చారు. "దీన్ని రిటైనర్ అంటారు. రోజూ పెట్టుకోవాలమ్మా" అన్నారు.

మూడు నెలలు శ్రద్ధగా పెట్టుకుంది. ఇంటర్మీడియట్‌కి విశాఖపట్నం హాస్టల్లో చేరాక అలవాటు తప్పింది. పరీక్షల హడావిడి తగ్గి, ఒక రాత్రి డబ్బా తెరిచి పెట్టుకోబోతే తొడుగు ఎక్కలేదు. సెలవులకు ఇంటికి వచ్చేసరికి కింద రెండు పళ్ళు మళ్ళీ పక్కకు తిరిగాయి. "అంత డబ్బు పోసి చేయించాం, డాక్టరు సరిగ్గా చేయలేదు" అని నాన్న. "నేనే పెట్టుకోలేదు" అని అమ్మాయి ఏడుపు.

ఇది ఊహించిన ఇల్లే కానీ, ఇలాంటి మాటలు దంతవైద్యులకు కొత్త కాదు. ఇక్కడ డాక్టరు పని చెడగొట్టలేదు, అమ్మాయి పళ్ళలో లోపమూ లేదు. పన్ను ఎముకలో ఎలా నిలబడుతుందో తెలిస్తే, క్లిప్పులు తీసిన రోజున చికిత్స ఎందుకు పూర్తికాదో అర్థమవుతుంది. ఆ సంగతే ఈ పాఠంలో తెలుసుకుందాం.

పన్ను గోడకు కొట్టిన మేకు కాదు

పన్ను దవడ ఎముకలో గట్టిగా పాతుకుని ఉంటుందని అనుకుంటాం. నిజానికి పంటి వేరు ఎముకను నేరుగా తాకదు. రెండింటి మధ్య పెరియోడాంటల్ లిగమెంట్ అనే పలుచని కణజాలపు పొర ఉంటుంది. దాని మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు, అంటే రెండు కాగితాలు ఒకదానిపై ఒకటి పెట్టినంత. ఈ పొరలో కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒక చివర వేరుకు, మరో చివర ఎముకకు అతుక్కుని ఉంటాయి. అంటే పన్ను ఎముకలో దిగబడి లేదు, వేలాది సన్నని తాళ్ళతో ఊయలలా వేలాడుతోంది. గట్టి గింజ కొరికినప్పుడు పన్ను విరగకుండా కాపాడేది ఈ ఊయలే. అన్నంలో చిన్న రాయి పడినా వెంటనే తెలియజేసే నరాలూ ఇక్కడే ఉంటాయి.

క్లిప్పులు పనిచేసేది ఈ పొర మీదే. తీగ పన్నును ఒక పక్కకు మెల్లగా నెడుతూ ఉంటే, నెట్టిన వైపు లిగమెంట్ నలుగుతుంది. అక్కడ ఆస్టియోక్లాస్టులు అనే కణాలు చేరి ఎముకను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. వెనక వైపు లిగమెంట్ సాగుతుంది. అక్కడ ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముక పోస్తాయి. ముందు తవ్వుకుంటూ, వెనక పూడ్చుకుంటూ పన్ను ఎముకలో ప్రయాణిస్తుంది. ఆ వేగం సాధారణంగా నెలకు ఒక మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. అందుకే చికిత్సకు నెలలూ సంవత్సరాలూ పడతాయి. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ సాండ్‌స్టెట్ 1904-05 నాటికే కుక్కల పళ్ళ మీద ప్రయోగాలు చేసి, నొక్కిన వైపు ఎముక కరగడం, లాగిన వైపు ఎముక చేరడం సూక్ష్మదర్శినిలో చూపించాడు.

క్లిప్పులు తీసిన రోజున పరిస్థితి ఎలా ఉంటుంది? పన్ను కొత్త చోటికి చేరింది. కానీ చుట్టూ కొత్తగా పోసిన ఎముక ఇంకా ముదరలేదు. లిగమెంట్ పొర మామూలుకంటే వెడల్పుగా ఉంది. పన్ను పట్టుకుంటే కొంచెం కదులుతుంది కూడా. పోగులు చాలావరకు పాత చోటి లెక్కలోనే సాగి ఉన్నాయి. ఇంటికి గోడలు లేచాయి గానీ సిమెంటు ఆరలేదన్నమాట.

కంకర కూడా పాత చోటికే పోతుంది

ఈ విషయం రైల్వే ఊరివాళ్ళకు చెప్పడం తేలిక. పట్టాల కింద పరిచే కంకరను చూడండి. వేల టన్నుల గూడ్సు రైళ్ళు రోజూ నడిచే లైనులో పట్టాలు అక్కడక్కడ కుంగుతాయి. ట్యాంపింగ్ మెషీన్ వచ్చి పట్టాలను సరైన ఎత్తుకు లేపి, స్లీపర్ల కింద కంకరను కుక్కి బిగిస్తుంది. కంటికి లైను తిన్నగా కనిపిస్తుంది. అయినా కంకరను తవ్వి జల్లించే పెద్ద పనులు చేశాక ఆ చోట మరుక్షణం పూర్తి వేగంతో రైళ్ళను వదలరు. లోకో పైలట్ చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు. పని రకాన్ని బట్టి మొదట గంటకు 20 కిలోమీటర్ల వంటి తక్కువ వేగం పెట్టి, కంకర సర్దుకుంటున్న కొద్దీ దశలవారీగా పెంచుతారు.

ఇంకో చిత్రమైన విషయం ఉంది. సరిచేసిన లైను కొన్నాళ్ళకు సరిగ్గా పాత ఆకారంలోనే, పాత చోటనే కుంగుతుంది. ట్రాక్ ఇంజనీర్లు దీన్ని కంకర జ్ఞాపకం అంటారు. దాన్ని ఓడించడానికి కొన్నిచోట్ల కావలసిన ఎత్తుకంటే కాస్త ఎక్కువగా లేపి వదిలే పద్ధతి కూడా ఉంది. దంతవైద్యులూ అదే చేస్తారు. బాగా తిరిగి ఉన్న పన్నును తిన్నగా కాక, అవసరమైతే ఒక పిసరు అవతలికి తిప్పి ఆపుతారు, వెనక్కి వచ్చేటప్పుడు సరైన చోట ఆగుతుందని.

పోలిక ఇంతవరకే. కంకర ప్రాణం లేని రాయి, మళ్ళీ మనుషులు వచ్చి సర్దాల్సిందే. ఎముక, లిగమెంట్ ప్రాణం ఉన్నవి. కొంతకాలం పన్నును కదలకుండా పట్టి ఉంచితే, అవి తమంతట తాము కొత్త చోటికి తగ్గట్టు మారతాయి. రిటైనర్ చేసే పని ఇదే. అది పన్నును జరపదు, సర్దదు. శరీరం తన పని తాను ముగించుకునేదాకా పన్నును పట్టి ఉంచుతుంది.

మూడు రకాల పోగులు, మూడు గడువులు

"ఎన్నాళ్ళు పట్టి ఉంచాలి?" అని ఎవరైనా అడుగుతారు. పన్ను చుట్టూ ఉన్న పోగులన్నీ ఒకే వేగంతో మారవు.

మొదటివి, వేరును ఎముకకు కట్టే లిగమెంట్ పోగులు. ఇవి త్వరగా సర్దుకుంటాయి. పన్ను నమలడంలో మామూలుగా పాల్గొనడం మొదలైన తరువాత మూడు నాలుగు నెలల్లో వీటి అమరిక కుదురుతుంది.

రెండోవి, చిగురులోని కొలాజెన్ పోగులు. వీటికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి.

మూడోవి, ఎముక అంచుకు పైన చిగురులో పన్ను చుట్టూ ఉండే సాగే గుణమున్న పోగులు. ఇవే మొండివి. రబ్బరు బ్యాండు లాగా సాగి ఉండి, ఏడాది దాటినా పన్నును పాత చోటికి లాగగలవు.

నార్వే దంతవైద్య శాస్త్రవేత్త రైటాన్ 1959లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. కుక్కల పళ్ళను గిరగిర తిప్పినట్టు కొంత కోణం మేర తిప్పి, అక్కడే పట్టి ఉంచాడు. 232 రోజుల తరువాత చూసినా చిగురులోని పోగులు ఇంకా సాగి, పక్కకు వంగే ఉన్నాయి. తిరిగి ఉన్న పన్నును సరిచేస్తే అది మళ్ళీ తిరిగిపోయే ప్రమాదం ఎక్కువ అని వైద్యులు చెప్పడానికి కారణం ఇది. మొండి సందర్భాల్లో చిగురుకు మత్తు ఇచ్చి, పన్ను చుట్టూ ఉన్న ఆ పోగులను సన్నగా కోసే చిన్న శస్త్రచికిత్స కూడా ఉంది. దాన్ని 1970లో ఎడ్వర్డ్స్ అనే వైద్యుడు వివరించాడు. కోసిన పోగులు కొత్త చోట కొత్తగా అతుక్కుంటాయి. అందరికీ ఇది అవసరం లేదు, దీని తరువాత కూడా రిటైనర్ తప్పదు.

ఊహించిన మన అమ్మాయి మూడు నెలలు పెట్టుకుని ఆపేసిందన్నాం కదా. మొదటి గడువు అప్పుడే ముగింపుకు వచ్చింది. రెండోది సగంలో ఉంది. మూడోది మొదలైనట్టే లెక్క.

గడువులు దాటాక కూడా ఎందుకు కదులుతాయి?

ఏడాది రెండేళ్ళు పెట్టుకుంటే సరిపోతుందా? దీనికి జవాబు వెతకడానికి అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎంతో ఓపిక పట్టారు. చికిత్స ముగిసి, రిటైనర్ వాడడం కూడా ఆపేసిన వ్యక్తులను ఏళ్ళ తరువాత మళ్ళీ పిలిచి, పళ్ళ అచ్చులు తీసి కొలిచారు. లిటిల్, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన అధ్యయనంలో 65 మందిని చూశారు. వీరందరికీ నాలుగు చిన్న దవడ పళ్ళు తీసి క్లిప్పులు వేసినవారే. రిటైనర్ ఆపి పదేళ్ళు దాటాక, మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్ళ వరుస సంతృప్తికరంగా లేదు. 1988లో వెలువడిన తరువాతి అధ్యయనంలో, ఇరవై ఏళ్ళ నాటికి సరిగ్గా ఉందనదగిన వరుస మిగిలింది పదిమందిలో ఒకరికే.

ఎవరి పళ్ళు నిలుస్తాయో, ఎవరివి కదులుతాయో ముందుగా చెప్పగల గుర్తు ఏదీ వారికి దొరకలేదు. చికిత్స చక్కగా ముగిసినవారిలోనూ కదిలాయి.

దీనికి కారణం పాత పోగులు మాత్రమే కాదు. మనిషి ముఖం ఇరవై ఏళ్ళకే ఆగిపోదు. కింది దవడ యుక్తవయసు చివర్లో ఇంకా కాస్త పెరుగుతుంది. తరువాత కూడా ఎముకలో చిన్నచిన్న మార్పులు జరుగుతూనే ఉంటాయి. లోపలి నుంచి నాలుక, బయటి నుంచి పెదవులు, బుగ్గలు పళ్ళను పగలూ రాత్రీ నెడుతూనే ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ కింది పళ్ళ వరుసకు ఉన్న చోటు కొద్దికొద్దిగా తగ్గుతుంది. జన్మలో క్లిప్పులు వేసుకోనివారిలో కూడా నలభై ఏళ్ళు దాటాక కింది ముందు పళ్ళు కొంచెం ఇరుకుగా మారడం మామూలే. మీ ఇంట్లో పెద్దవారి పాత పెళ్ళి ఫొటోలు, ఇప్పటి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి.

అందువల్ల రిటైనర్ రెండు పనులు చేస్తుంది. మొదటి ఏడాదిలో చికిత్స వెనక్కి పోకుండా ఆపుతుంది. ఆ తరువాత వయసుతో వచ్చే కదలికను ఆపుతుంది. మొదటి పనికి గడువు ఉంది. రెండోదానికి లేదు. పళ్ళు అలాగే ఉండాలని కోరుకున్నంత కాలం రాత్రుళ్ళు రిటైనర్ ఉండాలని నేడు ఎక్కువమంది ఆర్థోడాంటిస్టులు చెప్పేది ఇందుకే.

రిటైనర్లలో మూడు రకాలు

తీగ ఉన్న ప్లేటు. అమెరికా వైద్యుడు చార్లెస్ హాలీ 1919లో వివరించిన రకం ఇది. ఆయన పేరుతోనే హాలీ రిటైనర్ అంటారు. అంగిలికి ఆనే ఆక్రిలిక్ ప్లేటు, ముందు పళ్ళ మీదుగా సన్నని తీగ ఉంటాయి. గట్టిది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది, వదులైతే తీగను బిగించవచ్చు. నవ్వితే తీగ కనిపిస్తుంది. మొదట్లో మాట కాస్త ముద్దగా వస్తుంది. రోజూ పది నిమిషాలు పైకి చదివితే వారం రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.

పారదర్శక తొడుగు. పళ్ళ అచ్చు మీద ప్లాస్టిక్ రేకును వేడిచేసి, గాలి లాగేసి అతికిస్తే ఇది తయారవుతుంది. 1993లో షెరిడన్ అనే వైద్యుడు ఎసిక్స్ పేరుతో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కనిపించదు, తేలిక, ఖర్చు తక్కువ. కానీ పళ్ళు కొరికే అలవాటు ఉంటే త్వరగా చిల్లులు పడుతుంది, వేడికి వంగిపోతుంది.

అతికించే తీగ. కింది ఆరు ముందు పళ్ళ వెనక వైపు, అంటే ఒక కోరపన్ను నుంచి మరో కోరపన్ను దాకా, సన్నని పేనిన తీగను పన్ను రంగు సిమెంటుతో అతికిస్తారు. నార్వేకు చెందిన జాక్రిసన్ 1977లో ఈ పేనిన తీగల వాడకాన్ని వివరించాడు. మరచిపోయే సమస్య లేదు, ఎవరికీ కనిపించదు. అయితే తీగ వెనక గార పేరుకుంటుంది. ఒక పన్ను దగ్గర అతుకు ఊడినా మనకు తెలియకపోవచ్చు, ఆ పన్ను మెల్లగా జరిగిపోతుంది. అరుదుగా వంగిన తీగే పన్నును తిప్పడం కూడా జరుగుతుంది. కాబట్టి ఆరు నెలలకోసారైనా చూపించుకోవాలి.

మూడింటిలో ఏది గొప్పది? కాక్రేన్ సంస్థ 2023లో 47 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. అన్నింటికంటే ఇదే మేలని గట్టిగా చెప్పగల సాక్ష్యం లేదని తేల్చింది. కాబట్టి ఏది కావాలన్నది మీ పళ్ళు మొదట ఎలా ఉండేవి, చిగుళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, రోజూ గుర్తుంచుకుని పెట్టుకోగలరా అన్న వాటి మీద ఆధారపడుతుంది. డబ్బాలో పడి ఉన్న మంచి రిటైనర్ కన్నా నోట్లో ఉన్న మామూలు రిటైనర్ మేలు.

రోజుకు ఎన్ని గంటలు?

కొందరు వైద్యులు మొదటి మూడు నుంచి ఆరు నెలలు తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోమంటారు. ఆ తరువాత రాత్రికి మార్చుతారు. పారదర్శక తొడుగును మొదటి నుంచీ రాత్రి మాత్రమే పెట్టుకున్నవారిలోనూ ఫలితం దాదాపు సమానంగా ఉందని చూపిన పరీక్షలు ఉన్నాయి, కాబట్టి కొందరు మొదటి రోజు నుంచే రాత్రి వాడకం చెబుతారు. పక్కింటివారికి ఒకలా, మీకు మరోలా చెప్పారని కంగారు పడక్కర్లేదు. మీ పళ్ళ చరిత్ర తెలిసిన డాక్టరు చెప్పిందే మీ కాషన్ ఆర్డర్.

మరింత జాగ్రత్త అవసరమైన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పన్ను బాగా తిరిగి ఉండి సరిచేసినప్పుడు, పై ముందు పళ్ళ మధ్య సందు మూసినప్పుడు, కింది ముందు పళ్ళు ఇరుకుగా ఉన్నప్పుడు, మింగేటప్పుడు నాలుక పళ్ళ మధ్యకు తోసే అలవాటు ఉన్నప్పుడు, చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గినప్పుడు. ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో, ఉత్తరాంధ్ర సరిహద్దు పల్లెల్లో పొగాకు కలిపిన గుడాకుతో పళ్ళు రుద్దుకునే అలవాటు ఉంది. పొగాకు చిగుళ్ళ జబ్బును పెంచుతుంది. పన్నును పట్టి ఉంచే ఎముకే తగ్గిపోతే ఏ రిటైనరూ దాన్ని కాపాడలేదు.

ఎండ, పసుపు, రైలు ప్రయాణం

రిటైనర్లు పాడయ్యేది, పోయేది ఎక్కువగా చిన్న చిన్న పొరపాట్ల వల్లే.

వేడి నీళ్ళతో కడగకూడదు. పారదర్శక తొడుగు మరిగిన నీటిలో పడితే ఆకారం కోల్పోతుంది. బిలాస్‌పూర్ వేసవి సంగతి తెలిసిందే. మే నెలలో ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో, మూసిన కారు డాష్‌బోర్డు మీద పెట్టినా వంగిపోవచ్చు. వంగిన తొడుగు నోట్లోకి ఎక్కినా పళ్ళను తప్పు దారిలో నెడుతుంది.

మెత్తటి బ్రష్‌తో, చల్లటి లేదా గది వేడి నీటితో రోజూ కడగాలి. టూత్‌పేస్టులోని గరుకు పదార్థం తొడుగు మీద గీతలు పెడుతుంది. ఆ గీతల్లో మురికి చేరి వాసన వస్తుంది. అవసరమైతే ఒక చుక్క మామూలు సబ్బు చాలు.

పెట్టుకుని తినకూడదు. పసుపు వేసిన కూర, పులుసు, టీ ఒక్కసారికే తొడుగును పచ్చగా మార్చగలవు. అంతకంటే పెద్ద సమస్య తీపి. తొడుగు లోపల కూల్‌డ్రింకు, పంచదార వేసిన టీ చిక్కుకుంటే లాలాజలం వాటిని కడిగేయలేదు. పళ్ళు పుచ్చుతాయి. నోట్లో తొడుగు ఉన్నంతసేపు మంచినీళ్ళు తప్ప వేరేమీ తాగవద్దు.

అతికించే తీగ ఉన్నవారు దాని వెనక సందుల్లోకి వెళ్ళే చిన్న బ్రష్‌తో లేదా దారాన్ని తీగ కింద నుంచి దూర్చి శుభ్రం చేసుకోవాలి. గట్టి జామకాయను ముందు పళ్ళతో కొరకకుండా ముక్కలు కోసుకుని తినాలి.

ఇక రైలు ప్రయాణం. విశాఖ వెళ్ళే లింక్ ఎక్స్‌ప్రెస్‌లోనో, తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లోనో భోజనం వస్తుంది. రిటైనర్ తీసి టిష్యూ కాగితంలో చుట్టి ప్లేటు పక్కన పెడతారు. భోజనం అయ్యాక ప్లేటుతో పాటు కాగితం చెత్తబుట్టలోకి వెళ్తుంది. చాలా రిటైనర్లు ఇలాగే పోతాయి. నియమం ఒక్కటే పెట్టుకోండి: రిటైనర్ ఉంటే నోట్లో ఉండాలి, లేకపోతే డబ్బాలో ఉండాలి. మూడో చోటు లేదు. డబ్బా మెరిసే రంగులో ఉంటే మరీ మంచిది. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందని చోట పెట్టండి, నోటి వాసన ఉన్న ప్లాస్టిక్ అంటే వాటికి ఇష్టం.

బిగుతే మీ కొలబద్ద

పళ్ళు కదులుతున్నాయా లేదా అని అద్దంలో తెలియదు. రోజూ చూసే ముఖంలో అర మిల్లీమీటరు మార్పు కనిపించదు. కానీ రిటైనర్‌కు తెలుస్తుంది.

పెట్టుకున్నప్పుడు పూర్తిగా ఎక్కి, ఏ పట్టూ లేకపోతే పళ్ళు చోటు మారలేదు. ఒక రాత్రి మానేస్తే మరునాడు కాస్త బిగుతుగా ఉందా? అంటే ఒక్క రోజులోనే పళ్ళు కదలడానికి ప్రయత్నించాయి. వారానికి రెండు రాత్రులకు తగ్గించాలనుకుంటే, డాక్టరుతో మాట్లాడి ఈ బిగుతును చూస్తూనే తగ్గించండి. ప్రతిసారీ బిగుతుగా ఉంటే ఇంకా తగ్గించే సమయం రాలేదు.

కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగుతుగా ఉన్నా పూర్తిగా ఎక్కుతోందా? కొన్ని రోజులు ఎక్కువ గంటలు పెట్టుకోండి. చిన్న కదలిక చాలాసార్లు వెనక్కి వస్తుంది. ఎక్కకపోతే బలవంతంగా నొక్కవద్దు. పళ్ళతో కొరికి ఎక్కించవద్దు. తొడుగు పగలవచ్చు, పంటి మీద లెక్కలేని ఒత్తిడి పడవచ్చు. డాక్టరుకు చూపించండి.

పోయినా, విరిగినా "సెలవుల్లో చూద్దాం" అనుకోవద్దు. ఇది రోజుల్లో చేయాల్సిన పని. ఈ రోజు పళ్ళు ఉన్న చోటికి కొత్త తొడుగు చేయించడం తేలిక. ఆరు నెలల తరువాత పళ్ళను మళ్ళీ జరపాల్సి రావచ్చు, అప్పుడు మళ్ళీ క్లిప్పుల ఖర్చే.

బదిలీల ఉద్యోగాల్లో ఉన్నవారు ఇంకో పని చేయాలి. చికిత్స ముగిసిన రోజున పళ్ళ అచ్చును లేదా కంప్యూటర్ స్కాన్ కాపీని, ఎక్స్‌రేలను అడిగి తీసుకుని భద్రపరచండి. వాటితో ఏ ఊళ్ళోనైనా రిటైనర్ చేయించుకోవచ్చు. మొదట వేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాలన్న నియమం లేదు. బిలాస్‌పూర్‌లో సకరీ, బోద్రీ దగ్గర దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. రాయ్‌పూర్, విజయవాడ, హైదరాబాద్‌లలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. పళ్ళ వరుస సరిచేసే విభాగంలో చూపించుకోండి.

తరచుగా వచ్చే సందేహాలు

జ్ఞాన దంతాలు నెట్టడం వల్లే ముందు పళ్ళు ఇరుకవుతాయా? చాలామంది నమ్ముతారు. కానీ 1998లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరీక్షలో, జ్ఞాన దంతాలు తీయించుకున్నవారికి, ఉంచుకున్నవారికి మధ్య ముందు పళ్ళ ఇరుకులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జ్ఞాన దంతం పుచ్చినా, వాచినా తీయించాలి. ముందు పళ్ళు కదలకుండా ఉండడానికని మాత్రం తీయించనక్కర్లేదు.

రిటైనర్‌తోనే కదిలిన పళ్ళు సరవుతాయా? కొద్దిపాటి కదలికకు మాత్రమే. తిరిగిపోయిన పన్నును మళ్ళీ తిప్పడం రిటైనర్ పని కాదు.

మార్కెట్లో దొరికే సిద్ధపు తొడుగు కొనుక్కోవచ్చా? వద్దు. రిటైనర్ మీ పళ్ళ అచ్చు మీద తయారవ్వాలి. వేరే ఆకారంలో ఉన్నది పళ్ళను వేరే చోటికి నెడుతుంది.

పెద్దవారికి పళ్ళు గట్టిపడి కదలవు కదా? లిగమెంట్, ఎముక జీవితమంతా మారుతూనే ఉంటాయి. పెద్దవారిలో క్లిప్పులు పనిచేసేది ఆ కారణంతోనే. అదే కారణంతో వారికీ రిటైనర్ కావాలి.

మళ్ళీ ఆ ఇంటికి

మనం ఊహించిన ఇంట్లో నాన్నకు కంకర సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్తగా సర్దిన లైను మీద తొందరపడి వేగం పెంచితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. క్లిప్పులు తీసిన రోజున ఎవరైనా ఆయనకు "మీ అమ్మాయి పళ్ళ కింద కంకర ఇంకా సర్దుకోలేదు, ఏడాది పాటు కాషన్ ఉంది" అని చెప్పి ఉంటే, విశాఖ వెళ్ళే పెట్టెలో ముందు సర్దేది ఆ చిన్న డబ్బానే అయ్యేది. ఆ మాట చెప్పడం డాక్టర్ల బాధ్యత. అడిగి తెలుసుకోవడం ఇంటివారి పని.

ఆ అమ్మాయికి ఇంకా దారి ఉంది. కింద రెండు పళ్ళే కదిలాయి. త్వరగా చూపిస్తే కొన్ని నెలల చిన్న చికిత్సతో సరిచేసి, వెనక వైపు తీగ అతికించవచ్చు. ఈసారి రిటైనర్ చికిత్స తరువాత వచ్చే అదనపు వస్తువు కాదు, చికిత్సలో రెండో సగమని ఆమెకు తెలుసు.

గుర్తుంచుకోండి

1. పన్ను ఎముకలో బిగించి లేదు, సాగే పోగులతో వేలాడుతోంది. క్లిప్పులు తీశాక ఆ పోగులు ఏడాది దాటినా పాత చోటికి లాగుతాయి.

2. వయసుతో పాటు అందరి పళ్ళూ కొంత కదులుతాయి. వరుస నిలవాలంటే రాత్రి రిటైనర్ దీర్ఘకాలపు అలవాటు కావాలి.

3. నోట్లో లేకపోతే డబ్బాలో. వేడి నీళ్ళు, ఎండ, టిష్యూ కాగితం దాని శత్రువులు.

4. బిగుతుగా అనిపిస్తే అది హెచ్చరిక. ఎక్కకపోతే నొక్కవద్దు, పోతే ఆలస్యం చేయవద్దు.

5. పళ్ళ అచ్చు లేదా స్కాన్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఊరు మారినా వరుస మారదు.